తువ్వాల కింద బేరం

మొన్న కర్నూలు నుంచి వస్తుంటే పాణ్యంలో ఒక పెద్దమనిషి బస్సెక్కి నా పక్కన కూర్చున్నాడు. నాది నంద్యాల అని తెలిసి, మీ ఊరి ఎద్దుల దళారి ఒకాయన మా వీధిలో కూతురి దగ్గర ఉంటూ పోయిన అమావాస్యకు కాలం చేశాడని చెప్పాడు. నా నోరు నాకంటే ముందు పుట్టింది. దళారి గదా, యముడితో కూడా బేరమాడి రెండు దినాలు ఎక్కువే లాక్కొని ఉంటాడులే అన్నాను. ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను. ఆ తర్వాత ఆయన, మనిషి మాత్రం మంచోడప్పా, భుజం మీద ఎర్రంచు తువ్వాల ఉండేది, ఎవరి చెయ్యి పట్టుకున్నా దాన్ని మీద కప్పేవాడు, ఎందుకో ఏమో అన్నాడు.

బస్సు కదిలింది. నంద్యాల దాకా నేను మళ్లీ నోరు తెరవలేదు. నన్నెరిగినవాళ్లు ఎవరైనా ఆ బస్సులో ఉండి ఉంటే జ్వరమేమోనని చెయ్యి పట్టి చూసేవాళ్లు.

ఆ దళారి పేరు రాయను. తాగుడు మానేదానికి ఆయన నడిపిన కూటంలో పేర్లు ఉండేవి కావు. పేరు పెట్టి పిలిస్తే మనిషిలో పరువు నిద్ర లేస్తాదనీ, పరువు లేచినాక నిజం పండుకుంటాదనీ ఆయన లెక్క. అందుకని వచ్చినవాళ్లందరికీ ఎద్దుల పేర్లే పెట్టేవాడు. నల్లగా ఉన్నవాడు కర్రి, బూడిద రంగు కోటు వేసుకొచ్చే బడి అయ్యవారు మైల, నాకు నొసటి మీద చిన్నప్పటి తెల్లమచ్చ ఒకటుంది కాబట్టి నేను బొల్లి. మేం బయట రోడ్డు మీద కలిస్తే ఒకర్నొకరం పలకరించుకునేవాళ్లం కాదు. పలకరించాలంటే పేరు తెలియదు, తెలిసిన పేరుతో పిలిస్తే జనం మాకు గడ్డి వేస్తారు.

అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సుల వెనక బొగ్గు పీపాలు కట్టి నడిపేవాళ్లు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయివచ్చే అట్లాంటి బొగ్గు బస్సుకు నేను క్లీనరును. పీపాలో బొగ్గు పోసి, నిప్పు పెట్టి, పంకా పిడి పట్టుకొని పావుగంట తిప్పితే గాని ఇంజను దగ్గేది కాదు. నా చదువు సంగతంటారా, ఐదో తరగతిలో అయ్యవారు నన్ను బయట నిలబెట్టాడు. లోపలికి రమ్మని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. దినమంతా పొగ మింగి, సాయంత్రం ఆ పొగ దిగడానికని ఇంత సారాయి మింగేవాణ్ణి. మొదట్లో పొగ ఎక్కువ, సారాయి తక్కువ. పోనుపోను పొగ మాత్రం అంతే ఉండింది.

నా పెండ్లాం పుట్టిల్లు ఆళ్లగడ్డ. ఒకనాడు పొద్దున్నే మూడేండ్ల బిడ్డను చంకనేసుకొని వచ్చి మా బస్సే ఎక్కింది. నేను వెనక పంకా తిప్పుతున్నాను. యాడికి అని అడిగితే, "నువ్వు తిప్పు" అంది. నా సంసారానికి నేనే నిప్పు రాజేసి, నేనే పంకా తిప్పి, ఆళ్లగడ్డలో దించి వచ్చాను. ఆ తర్వాత ప్రతి దినమూ ఆ ఊళ్లో మా బస్సు అర్ధగంట ఆగేది. మా మామ ఇల్లు కేకేస్తే వినపడేంత దూరం. నేను కేకేయలేదు.

మామ రెండెకరాల నల్లరేగడి సేద్యగాడు, మాటలు తక్కువ. ఆయనే ఒకసారి బస్సు దగ్గరికి వచ్చాడు. నంద్యాలలో తాగుడు మానిపించే దళారి ఒకాయన ఉన్నాడట, ఆ దళారి వచ్చి ఈయన మానినాడు అని తన నోటితో అంటే కూతుర్ని పంపిస్తాను, నీ ఒట్లు మాత్రం నాకొద్దు అని చెప్పి పోయాడు. ఒట్ల సంగతిలో ఆయన తప్పేం లేదు. అప్పటికి నేను మా అమ్మ మీద, బిడ్డ మీద, బస్సు మీద, అహోబిలం దేవుడి మీద వేసేశాను. కొత్తగా వేయడానికి ఎవరూ మిగల్లేదు.

సరే, ఆ దళారిని వెతకాలి. ఎవరినడగాలి? మానినవాళ్లు సిగ్గుపడి చెప్పరు, మాననివాళ్లకు తెలియదు. చివరికి సారాయి అంగడిలోనే అడిగాను. పోసే మనిషి నా గ్లాసు నింపుతూనే దారి చెప్పాడు. శుక్రవారం పొద్దు గూకే యాళకు ఎద్దుల సంత దొడ్డికి పోతే తన గిరాకీ ఎనిమిది మంది అక్కడే కూర్చొని ఉంటారట. "పోతే పోయినావు గానీ, ఆ బడి అయ్యవారిని నేను అడిగినానని చెప్పు" అన్నాడు. ధైర్యం చాలక ఇంకో గ్లాసు తాగి పోయాను. మానడానికి పోతూ తాగినవాణ్ణి నేనే మొదటివాణ్ణి అనుకున్నా. ఆ ఎనిమిది మందీ అట్లాగే వచ్చారని తర్వాత తెలిసింది.

సంత లేని దినం దొడ్డి ఎంత ఖాళీగా ఉంటుందో చూసినవాళ్లకే తెలుసు. గుంజలు, పేడ, నీళ్ల తొట్టి. తొట్టి పక్కన రేకుల కొట్టం. అందులో ఆయన గోనెపట్ట మీద గొంతుక్కూర్చొని ఉన్నాడు. పొడుగు మనిషి, వంగిన నడుము. మనుషుల్ని కాళ్ల నుంచి పైకి చూసేవాడు, ఎద్దును చూసినట్టు. నన్ను రెండడుగులు నడిపించి, దగ్గరికి పిలిచి, బొటనవేలుతో నా కింది పెదవి దించి పండ్లు చూశాడు.

"పండ్లు చూస్తే ఆరు పండ్ల కోడె. నడక చూస్తే ముసలెద్దు. ఎవురిదప్పా ఇది?" అన్నాడు.

"ఆళ్లగడ్డోళ్లది. వాపసు చేసినారు" అన్నాను.

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. నోరు బాగా పనిచేస్తాండాది, చెయ్యి తే అన్నాడు.

ఎద్దుల బేరం చూడనివాళ్ల కోసం చెప్తున్నా. సంతలో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడి చేతినీ, కొనేవాడి చేతినీ దళారి వేరువేరుగా పట్టుకొని, మీద తువ్వాల కప్పి, వేళ్లు నొక్కి ధర తేలుస్తాడు. చుట్టూ వందమంది నిలబడినా ఎవరికీ తెలియదు. తువ్వాల కింద చెప్పిన మాట తువ్వాల కిందే ఉండాలి. బయట పెట్టిన దళారి ఇంక ఆ సంతలో గడ్డి కూడా అమ్ముకోలేడు. ఎప్పుడో దళారీ మానుకున్న ఈయన ఆ పద్ధతినే తెచ్చి మా తాగుడుకు పెట్టాడు. ప్రతి శుక్రవారం ఒక్కొక్కడి చెయ్యి పట్టి తువ్వాల కప్పుతాడు. ఆ వారంలో ఎన్ని దినాలు తాగితే అన్ని వేళ్లు ఆయన చేతిలో నొక్కాలి. తాగకుంటే పిడికిలి. అంతే. పక్కవాడికి తెలియదు, ఆయన తిట్టడు, మెచ్చుకోడు. చెయ్యి వదిలి, "సరే, వచ్చే వారం" అంటాడు.

మొదటి శుక్రవారం నేను ఐదు వేళ్లు నొక్కి, మళ్లీ రెండు నొక్కాను. వారానికి ఎనిమిది దినాలుంటే ఇంకొకటి నొక్కేవాణ్ణని పైకి అన్నాను. తువ్వాల కింద చెప్పినాక పైన మాట్లాడొద్దు అన్నాడు ఆయన. అది మాత్రం నాకు కష్టమైన షరతు. సారాయి మానడం తర్వాత.

చెయ్యి పట్టుకున్నప్పుడు ఆయన మన మొహం చూసేవాడు కాదు. నీళ్ల తొట్టి వైపు చూసేవాడు. ఒక్కోసారి నా చెయ్యి పట్టుకొనే ఆవలించేవాడు. నా పశ్చాత్తాపం అంత నిద్ర తెప్పించేదిగా ఉందా అని అడిగితే, తొమ్మిది చేతులు పట్టాలప్పా, మొయ్యాలగదా అన్నాడు. ఎప్పుడూ అలసిపోయిన మనిషి. నిద్ర లేచేటప్పటికే అలసిపోయి లేచేవాడని నా అనుమానం. అయినా ఒక్క శుక్రవారం తప్పలేదు.

కూటం ఆ యాళకే ఎందుకంటే, అంగడికి కాళ్లు లాగేది ఆ యాళకే. కిరసనాయిలు రేషను కాబట్టి దీపం ఉండేది కాదు. చీకటి పడితే లేచిపోయేవాళ్లం. ఆ గంట సేపు ఆయన మమ్మల్ని ఊరికే కూర్చోనిచ్చేవాడు కాదు. కుండెడు జొన్న అంబలి, ఉల్లిగడ్డలు తెచ్చేవాడు. సారాయి దప్పికలో సగం ఆకలేనప్పా అని ముంతలు నింపేవాడు. కడుపు నిండితే సగమే కొట్లాడాలనేవాడు. మిగతా సగం సంగతేమిటని అడిగాను. దానికే నిన్ను రమ్మనింది అన్నాడు.

ఒకసారి మైల, అంటే బడి అయ్యవారు, లేచి నిలబడి తాగుడు వల్ల కలిగే అనర్థాలని మొదలుపెట్టాడు. ఆయన చెయ్యెత్తి ఆపాడు. "కూచోప్పా. ఎద్దు గుణం ఎద్దు చెప్పుకోదు" అన్నాడు. అయ్యవారికి కోపమొచ్చి రెండు వారాలు రాలేదు. మూడో వారం వచ్చి ఏమీ మాట్లాడకుండా చెయ్యి చాపాడు. ఆయన తువ్వాల కప్పాడు.

ఇంకోసారి కర్రి ముంత పట్టుకుంటే అంబలి గుడ్డల మీద ఒలికిపోయింది. వాడి చేతులు చలిలో నిలబెట్టిన దూడలా వణుకుతున్నాయి. మేం వీడు పీకల దాకా తాగొచ్చాడని నవ్వాం, నేనైతే రెండు సామెతలు కూడా చెప్పాను. ఆయన ముంత తీసుకొని తానే పట్టి తాపించాడు. వాడు పూర్తిగా తాగేదాకా ఆగి మా వైపు తిరిగాడు.

"తాగినోని చెయ్యి వణకదు. మానినోని చెయ్యి వణుకుతాది. ఈనిది ఈపొద్దు మూడో దినం. ఇంకెప్పుడూ వణికే చెయ్యిని చూసి నగొద్దండి."

నేను అక్కడ ఉన్నన్నాళ్లలో ఆయన నోటి నుంచి వచ్చిన అతి పెద్ద ప్రసంగం అదే. మూడో దినమని ఆయన పైకి చెప్పేశాడు కదా అని నేను తర్వాత గిల్లాను. తప్పే అన్నాడు. ఆ రాత్రి ఆయన ఇంట్లో అన్నం ముట్టలేదని కర్రి తర్వాత చెప్పాడు.

మేం ఎనిమిది మందిమి తొమ్మిదయ్యాం, తొమ్మిది నుంచి పదికి ఎప్పుడూ పోలేదు. ఒకడు వస్తే ఒకడు జారిపోయేవాడు. జారినవాడి ఇంటికి ఆయన పోయేవాడు కాదు. వాడి గోనెపట్ట మాత్రం మామూలుగా పరిచి ఉంచేవాడు. సర్కారు నిషేధం తెచ్చి అంగళ్లు మూసినాక ఆ కూటం పడిపోయింది. దానికీ కారణముంది. ఊళ్లో పేరున్న తాగుబోతులు తొమ్మిది మంది పొద్దు గూకే యాళకు దొడ్డిలో చేరి తువ్వాల కింద చేతులు పట్టుకుంటున్నారంటే, దొంగసారాయి బేరమేనని ఎవరైనా అనుకుంటారు. ఒక కానిస్టేబులు అట్లాగే అనుకొని అంబలి కుండ తన్ని పోయాడు. తాగేటప్పుడు మమ్మల్ని ఒక్కడూ తరమలేదు. అప్పుడే ఆయన పాణ్యంలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. కానీ నేను చెప్పదలుచుకున్నది అంతకు ముందు జరిగింది.

నేను చేరిన రెండు నెలలకు నా వేళ్లు తగ్గాయి. ఏడు పోయి నాలుగు, నాలుగు పోయి రెండు. ఇంకో నెల పోయినాక ఒక శుక్రవారం పిడికిలి ఇచ్చాను. నిజానికి ఆ వారంలో ఒక దినం తాగాను. ఒకటే గదా అనుకున్నాను. తర్వాతి వారమూ ఒకటే గదా. ఆ తర్వాతి వారమూ అంతే. వరసగా మూడు పిడికిళ్లు ఇచ్చి, ఆ మూడో శుక్రవారం నాడే, ఆళ్లగడ్డకు రండి, మా మామకు ఒక్క మాట చెప్పండి అని ఆయన్ను అడిగాను. బిడ్డ నన్ను బస్సు మామా అని పిలుస్తోందని ఎవరో చెప్పారు. అది విని ఉండబట్టలేకపోయాను. ఆయన నా కాళ్ల వైపు చాలాసేపు చూసి, శనివారం వస్తాలే అన్నాడు.

ఆ శనివారం శిరివెళ్ల దాటినాక చిన్న మిట్ట దగ్గర బస్సుకు ఊపిరి ఆడలేదు. అందరూ దిగారు. నేను పీపా కెలికి కొత్త బొగ్గు పోసి, నిప్పు అందుకునేదాకా కల్వర్టు మీద ఆయన పక్కన కూర్చున్నాను. దళారీ ఎందుకు మానుకున్నావన్నా అని ఊరికే అడిగాను. ఏదో ఒకటి మాట్లాడకపోతే నాకు ఆ మూడు దినాలు గుర్తుకొస్తున్నాయి.

ఆయన చెప్పాడు. ఆ రోజుల్లో ఆయనా తాగేవాడు. ఒక సంత దినం పొద్దున తాగడానికి వీలు దొరకలేదు. గడివేముల రైతు ఒకాయన మంచి జత తోలుకొచ్చాడు. తువ్వాల కింద కొనేవాడి చెయ్యి పట్టి రైతు అడిగిన ధర చెప్తుంటే ఈయన వేళ్లు వణికాయి. ఆ వణుకును అవతలివాడు ధర తగ్గించినట్టు అనుకొని, సరేనని గట్టిగా నొక్కాడు. నొక్కితే అయిపోయినట్టే. తువ్వాల కింద కుదిరిన బేరం తిరగదు. అదీగాక, నా చెయ్యి వణికిందని అందరి ముందర ఈయన ఒప్పుకోలేదు.

"రైతు నన్ను ఒక్క మాట అనలేదు. ఎద్దుల వెంబడి గేటు దాకా పోయినాడు. అమ్మినోడు ఎద్దునిస్తాడు గానీ మెడ పలుపు ఇయ్యడు గదా, ఇంటికి తీసకపోతాడు. ఈయన ఆ పలుపులు రెండూ తెచ్చి నా చేతిలో పెట్టి పోయినాడు. ఇంగ ఇంట్లో కట్టేదానికి ఏముండాదని."

ఆయన నా వైపు తిరిగి, నీకేదన్నా చెప్పాలని ఉండాదా అని అడిగాడు. పీపాలో బొగ్గు అందుకున్నట్టుంది అని చెప్పి లేచిపోయాను.

మామ మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. తలుపు సందులో మా అత్త, ఆమె వెనక నా పెండ్లాం. బిడ్డ అరుగు కింద పుల్లతో మన్ను గీకుతూ, నన్ను చూసి, బస్సేదని అడిగింది. మజ్జిగ తాగడం అయినాక మామ సూటిగానే అడిగాడు.

"చెప్పన్నా. మానినాడా, ల్యాదా?"

"నాకు తెల్దప్పా" అన్నాడు ఆయన.

మామ నొసలు ముడిచి, మీరు వారం వారం చెయ్యి పడతారంట గదా అన్నాడు.

"పడతా. తువ్వాల కింద మాట మూడో మనిషికి చెప్తే ఇంగ నా చేతికి ఎవురు చెయ్యిస్తారు? కొనేది నువ్వు గాదు, నేను గాదు. నీ కూతుర్ని పిల్చు."

నా పెండ్లాం వచ్చి గుంజకు ఆనుకొని నిలబడింది. ఆయన ఆమెకు రెండు ముక్కల్లో పద్ధతి చెప్పాడు. ప్రతి శుక్రవారం, ఆ వారం తాగిన దినాలకు వేళ్లు, తాగకుంటే పిడికిలి. ఇద్దరి చేతులూ కలిపి పైన తువ్వాల వేసి, తాను లేచి వాకిట్లోకి పోయి నిలబడ్డాడు. మొగుడూ పెండ్లాల బేరంలో దళారికేం పని అన్నాడు. పట్టపగలు అరుగు మీద కూతురు మొగుడి చెయ్యి పట్టుకుంటే ఏ తండ్రి చూస్తాడు? మామ ఎద్దులు కట్టేసే గాటిపాట వైపు తిరిగాడు. లోపల అత్త పైటచెంగు నోట్లో కుక్కుకొని నవ్వుతోంది.

నేను పిడికిలి బిగించి పెట్టాను. చేయవలసింది అంతే. ఊరికే అట్లా పట్టుకొని ఉంటే చాలు, సాయంత్రం బస్సుకు పెండ్లాం, బిడ్డ, పెట్టె. ఆమె వేళ్లు వచ్చి నా పిడికిలి మీద ఆనాయి. పత్తి తీసి తీసి మొనలు గరుకెక్కిన వేళ్లు. నా చెయ్యి వణుకుతుందని భయపడుతూ వచ్చాను. నాది వణకలేదు. ఆమెది వణుకుతోంది.

పిడికిలి విప్పి మూడు వేళ్లు నొక్కాను.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తర్వాత నా వేళ్లు ఒక్కొక్కటే పట్టుకొని నొక్కింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాకు అర్థం కాలేదు. నేను మూడు చెప్తే నువ్వు నాలుగంటావేమే అని మెల్లిగా అడిగాను.

"నాలుగు శుక్రవారాలు. వరసగా" అంది.

మామ అటు తిరిగే ఏమైందమ్మా అని అడిగాడు. ఇంకా ల్యాదు నాయనా అని ఆమె లోపలికి పోయింది. వాకిట్లో నిలబడిన మనిషి వచ్చి తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

తిరుగు బస్సులో ఆయన మీద నాకు కోపం పొంగింది. ఒక్క మాట. మానినాడు అని ఒక్క మాట అంటే నోటి ముత్యాలు రాలేవా అని దులిపేశాను. ఆయన కళ్లు మూసుకొనే విన్నాడు. అంతా అయినాక, నా అబద్ధం నీకు ముందే తెలుసా అని అడిగాను. మూడు వారాల నుంచి నీ పిడికిలికి తొందరెక్కువైంది, నిజం పిడికిలికి తొందర ఉండదు అన్నాడు. తెలిసీ ఆళ్లగడ్డ దాకా ఎందుకు వచ్చావన్నాను. అప్పటికి ఆయన నిద్రపోయాడు.

నాలుగు శుక్రవారాలంటే నెల. నాకు పదకొండు నెలలు పట్టింది.

శుక్రవారం దొడ్డిలో ఆయనకు చెయ్యిచ్చి, శనివారం ఆళ్లగడ్డ బస్టాండులో ఆమెకు ఇచ్చేవాణ్ణి. ఏదో మూట అందిస్తున్నట్టు వచ్చి, కొంగు కింద నా చెయ్యి పట్టుకునేది. ఒక పిడికిలి, రెండు పిడికిళ్లు, మూడోవారం ఒక వేలు. మళ్లీ మొదటి నుంచి. ఒకసారి మూడు పిడికిళ్లు దాటి నాలుగో వారం రెండు వేళ్లయ్యాయి. ఆ దినం వేళ్లు నొక్కుతుంటే ఆమె మొహం చూడలేక బస్సు చక్రం వైపు చూశాను. ఆమె కొంగు సర్దుకొని వెళ్లిపోయింది. ఎప్పుడూ తిట్టలేదు. తిట్టి ఉంటే బదులు చెప్పేవాణ్ణి. బదులు చెప్పడం ఒక్కటే నాకు బాగా వచ్చిన పని. అబద్ధం మాత్రం మళ్లీ చెప్పలేదు. చెప్పాలని చాలాసార్లు అనిపించింది, కానీ ఆ గరుకు వేళ్లు వచ్చి ఆనేటప్పటికి చేతకాలేదు.

ఆ నెలల్లో ఆయన నాతో ఎక్కువగా మాట్లాడలేదు. నేను వేలు నొక్కిన శుక్రవారం ఎంత మాట్లాడేవాడో, పిడికిలి ఇచ్చిన శుక్రవారమూ అంతే. సరే, వచ్చే వారం. ఒకసారి విసిగిపోయి, ఇది నాతో కాదన్నా, నేను రాను అన్నాను. సరే అన్నాడు. తర్వాతి శుక్రవారం పోతే నా గోనెపట్ట పరిచి ఉంది. దాని మీద నా ముంత బోర్లించి ఉంది. నేను రాననింది మరిచిపోయినావా అంటే, అంబలి మిగిలితే పారబొయ్యాల, రా అన్నాడు.

చివరికి ఒక శనివారం నాలుగో పిడికిలి పెట్టాను. ఆమె పట్టుకుంది. వదల్లేదు. డ్రైవరు హారను కొట్టాడు. జనం బస్సులోంచి గొణిగారు. ఆమె కదలకుండా ఆ పిడికిలిని నిమ్మకాయ పండిందో లేదో చూసినట్టు అటూ ఇటూ నొక్కి చూసింది. తర్వాత ఇంటి దారి పట్టింది. పంకా తిప్పుతూనే ఆ దారి వైపు చూస్తున్నాను. ఇంజను రెండుసార్లు ఆరిపోయింది, నేను ఆర్పానని డ్రైవరు ఇప్పటికీ అంటాడు. కాసేపటికి మామ పెట్టె నెత్తిన పెట్టుకొని వచ్చాడు. ఆయన వెనక ఆమె, బిడ్డ. పెట్టె పైన కట్టి దిగుతూ మామ, మిట్ట కాడ భద్రం అన్నాడు. ఆ ఒక్క మాటే.

తర్వాతి శుక్రవారం పొద్దు గూకకముందే దొడ్డికి పోయాను. ఉతికిన చొక్కా తొడుక్కున్నాను. ఏదో చెప్పించుకోవాలని పోయానని దాచిపెట్టడమెందుకు. కర్రికి చెప్పాను, మైలకు చెప్పాను. నా పెండ్లాం వచ్చిందని తొట్టికి కూడా చెప్పినట్టున్నాను. ఆయన అంబలి కలుపుతూ తలెత్తకుండా అంతా విన్నాడు. పదకొండు నెలలకు నాకు ఒక మంచి మాట వస్తుందని నిలబడి చూశాను.

"ఆమె వచ్చింది, సంతోషం. ఆ సారాయి యాడికి పోయిందప్పా? ఆడనే ఉండాది గదా" అన్నాడు. గరిటె కుండలో పెట్టి, చెయ్యి తుడుచుకొని, తువ్వాల తీశాడు. "కూచో. ఈ వారం ఎన్ని?"

కూర్చున్నాను.